మూత్రాశయ క్యాన్సర్ వ్యాప్తిలో మైక్రోఆర్‌ఎన్‌ఏల పాత్ర: పరిశోధనా పత్రాన్ని పరీక్షగా చదివే పద్ధతి

ఫలానా మైక్రోఆర్‌ఎన్‌ఏ తగ్గినందువల్ల మూత్రాశయ క్యాన్సర్ పాకుతోందని, ఫలానాది పెరిగినందువల్ల ముదురుతోందని చెప్పే పరిశోధనా పత్రాలు 2009 ప్రాంతం నుంచి కుప్పలుతెప్పలుగా వస్తున్నాయి. వాటిలో కొన్ని ఈ జబ్బు గురించిన మన అవగాహనను నిజంగానే మార్చాయి, చాలావాటిని మాత్రం ఆ తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. జీవశాస్త్రంలో పీజీ చేస్తున్న విద్యార్థులూ, యూరాలజీ, పాథాలజీ చదువుతున్న యువ వైద్యులూ, ఇంట్లో ఒకరికి ఈ జబ్బు వచ్చినందువల్ల సమాచారం వెతుక్కుంటున్న చదువరులూ ఈ రెండు రకాల పత్రాలను వేరు చేసుకోవడానికి ఒక పద్ధతి అవసరం. నా దృష్టిలో ఆ పద్ధతికి ఆయువుపట్టు ఒకే ఒక్క ప్రశ్న: ఈ మైక్రోఆర్‌ఎన్‌ఏ అసలు ఏ కణంలో ఉంది? మిగిలిన ప్రశ్నలన్నీ దాని తర్వాతే వస్తాయి.

ముందుగా తెలిసి ఉండవలసినవి

మైక్రోఆర్‌ఎన్‌ఏ అంటే దాదాపు 22 న్యూక్లియోటైడ్ల పొడవున్న చిన్న ఆర్‌ఎన్‌ఏ పోగు. దాని నుంచి ప్రొటీన్ తయారు కాదు. ఇతర జన్యువుల నుంచి ప్రొటీన్ తయారయ్యే వేగాన్ని అది తగ్గిస్తుంది. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ బృందాలు సీ. ఎలిగన్స్ అనే చిన్న పురుగులో లిన్-4 అనే మొదటి మైక్రోఆర్‌ఎన్‌ఏ పనితీరును వెల్లడించాయి. ఆ ఇద్దరికీ 2024లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. కణకేంద్రకంలో పొడవైన పోగుగా పుట్టిన ఈ ఆర్‌ఎన్‌ఏను మొదట డ్రోషా అనే ఎంజైము జడపిన్ను ఆకారంలోకి కత్తిరిస్తుంది. అది కణద్రవంలోకి వచ్చాక డైసర్ అనే మరో ఎంజైము ఇంకా చిన్నదిగా కోస్తుంది. చివరికి ఆర్గొనాట్ అనే ప్రొటీన్‌లో ఇమిడిన ఆ పోగు, తన 2వ స్థానం నుంచి 8వ స్థానం వరకు ఉన్న అక్షరాలకు జత కుదిరే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలను (జన్యువు నుంచి ప్రొటీన్ తయారీకి సూచనలు మోసే పోగులను) పట్టుకుని వాటిని అణచివేస్తుంది. ఈ ఏడు అక్షరాల భాగాన్నే సీడ్ అంటారు. ఒక మైక్రోఆర్‌ఎన్‌ఏకు వందల లక్ష్యాలు ఉండగలవు, అయితే ఒక్కో లక్ష్యం మీద దాని ప్రభావం సాధారణంగా స్వల్పమే. 2008లో వేల ప్రొటీన్లను ఒకేసారి కొలిచి చూసిన రెండు అధ్యయనాలలో, ఒక మైక్రోఆర్‌ఎన్‌ఏ వల్ల చాలా ప్రొటీన్లు సగం కూడా తగ్గలేదని తేలింది. ఈ సంగతి గుర్తుంచుకున్న పాఠకుడు, ఒకే ఒక్క మైక్రోఆర్‌ఎన్‌ఏ ఇచ్చిన మాత్రాన ఒక ప్రొటీన్ పట్టీ పూర్తిగా మాయమైనట్టు చూపించే బొమ్మను చూసి సంతోషించే ముందు కాస్త ఆగుతాడు.

"వ్యాప్తి" అన్న మాటను పత్రం ఏ అర్థంలో వాడిందో తేల్చుకోవడం ఆ తర్వాతి పని. మూత్రాశయం లోపలి పొరను యూరోథీలియం అంటారు; ఈ క్యాన్సర్లలో అత్యధిక భాగం అక్కడే పుడతాయి. కణితి ఆ పొరలోనే ఉంటే టీఏ దశ, దాని కింది సంయోజక కణజాలంలోకి దిగితే టీ1, గోడలోని కండరంలోకి చొచ్చుకుపోతే టీ2, బయటి కొవ్వులోకి చేరితే టీ3, ప్రోస్టేటు, గర్భాశయం వంటి పక్క అవయవాలను తాకితే టీ4 అని లెక్క. మొదటిసారి బయటపడిన కేసుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు కండరం దాకా రానివే. కండరంలోకి దిగడం ఒక ఘట్టం, అక్కడి నుంచి శోషరస గ్రంథులకూ, ఎముకలకూ, ఊపిరితిత్తులకూ, కాలేయానికీ చేరడం మరో ఘట్టం. మొదటి ఘట్టాన్ని మాత్రమే కొలిచి రెండోదాని గురించి తీర్పు చెప్పే పత్రాలు చాలా ఉన్నాయి. కాబట్టి పత్రం శీర్షికలో ఏముందో చూసిన వెంటనే, రోగుల వివరాల పట్టికలో ఏ దశ కణితులు ఎన్ని ఉన్నాయో చూడాలి.

తక్కువ గ్రేడు, ఎక్కువ గ్రేడు కణితులను కలిపి ఒకే గుంపుగా చూపించారా అన్నది కూడా అక్కడే తెలిసిపోతుంది. గ్రేడు అంటే సూక్ష్మదర్శినిలో కణాలు మామూలు రూపానికి ఎంత దూరం జరిగాయో చెప్పే కొలత. ఈ రెండింటివీ వేరువేరు దారులు. తక్కువ గ్రేడు కణితులలో మిర్-99ఏ, మిర్-100 (మిర్ అంటే మైక్రోఆర్‌ఎన్‌ఏకు పొట్టి పేరు) తగ్గి, వాటి అదుపులో ఉండవలసిన ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే గ్రాహకం పెరుగుతుందని, ఎక్కువ గ్రేడు కణితులలో మిర్-21 పెరుగుతుందని 2009లో షెఫీల్డ్‌కు చెందిన జేమ్స్ క్యాటో బృందం ప్రచురించింది. తక్కువ గ్రేడువి మళ్లీ మళ్లీ వస్తాయి కానీ కండరంలోకి దిగడం అరుదు. రెండు గుంపులనూ కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఏ రోగికీ వర్తించదు.

గట్టి ఆధారం ఎలా ఉంటుందో ముందు చూడాలి

మంచి ఉదాహరణ ఒకటి మనసులో నాటుకుంటే బలహీనమైన పత్రాన్ని గుర్తించడం తేలిక. ఈ రంగంలో ఆ ఉదాహరణ మిర్-200 కుటుంబం. ఇందులో మిర్-200ఏ, 200బి, 200సి, 141, 429 అనే ఐదుగురు సభ్యులు ఉన్నారు. యూరోథీలియం కణాలు ఒకదానినొకటి ఇ-క్యాడ్‌హెరిన్ అనే ప్రొటీన్ సాయంతో అంటిపెట్టుకుని ఉంటాయి. జెబ్1, జెబ్2 అనే రెండు ప్రొటీన్లు ఆ ఇ-క్యాడ్‌హెరిన్ జన్యువును మూసివేస్తాయి. అప్పుడు కణం పక్క కణాలతో బంధం తెంచుకుని, సాగిన ఆకారం దాల్చి, కదిలే గుణం తెచ్చుకుంటుంది. మిర్-200 కుటుంబం జెబ్1, జెబ్2లను అణచి ఉంచుతుంది. జెబ్1 కూడా తిరిగి మిర్-200 జన్యువులను అణచగలదు. ఇలా రెండూ పరస్పరం అణచుకునే ఏర్పాటు ఉన్నందువల్ల కణం ఏదో ఒక పక్షాన స్థిరపడుతుంది, మధ్యలో ఎక్కువ కాలం నిలవదు. ఈ సంగతిని 2008లో వేరువేరు దేశాల ప్రయోగశాలలు విడివిడిగా కనుగొన్నాయి, దాని విశ్వసనీయతకు మొదటి కారణం అదే.

మూత్రాశయ క్యాన్సర్ విషయంలో దీనిని 2009లో హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ పరిశోధకులు పరీక్షించారు. ఇ-క్యాడ్‌హెరిన్ కోల్పోయి చురుగ్గా కదిలే యూఎంయూసీ3 కణాలలో మిర్-200సిని స్థిరంగా పెంచితే జెబ్1, జెబ్2 తగ్గాయి, ఇ-క్యాడ్‌హెరిన్ తిరిగి వచ్చింది, కణాల కదలిక మందగించింది, ఈజీఎఫ్‌ఆర్ గ్రాహకాన్ని అడ్డుకునే మందుకు అవి మళ్లీ లొంగాయి. 2011లో మరో బృందం, కండరంలోకి దిగిన కణితులలో మిర్-200 కుటుంబమూ మిర్-205 కలిసికట్టుగా మూతపడతాయని, వాటి జన్యువుల మీద వాటిని మూసివేసే మిథైల్ అనే రసాయన ముద్రలు పడటం అందుకు ఒక కారణమని చూపించింది. అంటే ఇక్కడ అణువు ఉండవలసిన చోటే, యూరోథీలియం కణాలలోనే, ఉంది. అది ఎందుకు తగ్గిందో తెలుసు. దేనిని అణచివేస్తుందో తెలుసు. తిరిగి పెంచితే ఏమవుతుందో కూడా తెలుసు. చదువుతున్న ప్రతి కొత్త పత్రాన్నీ ఈ నాలుగు అంశాల పక్కన పెట్టి చూడాలి.

ఇంత గట్టి కథలోనూ ఒక మెలిక ఉంది. రొమ్ము క్యాన్సర్ మీద 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో, మిర్-200 ఎక్కువగా ఉన్న కణాలే దూరపు అవయవంలో స్థిరపడి కొత్త కణితిని పెంచడంలో ముందున్నాయి. బయలుదేరడానికి కణం బంధాలు తెంచుకోవాలి, చేరిన చోట గుంపు కట్టడానికి మళ్లీ బంధాలు కావాలి. అందువల్ల "మిర్-200 వ్యాప్తిని ఆపుతుంది" అని ఒక్క వాక్యంలో రాసిన పత్రం, తాను చూసింది ఏ ఘట్టమో చెప్పకపోతే, సగం మాటే చెప్పినట్టు.

నమూనా దగ్గర ఎక్కువసేపు ఆగాలి

నేను అన్నిటికన్నా ఎక్కువ అనుమానంతో చదివేది "పక్కనున్న ఆరోగ్యకర కణజాలంతో పోలిస్తే" అనే వాక్యాన్ని. మూత్రాశయ గోడలో ఎక్కువ మందం నునుపు కండరానిదే. లోపలి యూరోథీలియం కొన్ని కణాల మందం మాత్రమే. శస్త్రచికిత్సలో తీసిన మూత్రాశయం నుంచి "ఆరోగ్యకరమైన" ముక్క కోసినప్పుడు అందులో కండరం దండిగా రావచ్చు, కణితి ముక్కలో మాత్రం దాదాపు అంతా ఉపకళా కణాలే (యూరోథీలియం వంటి పైపొరల కణాలే) ఉండవచ్చు. రెండు ముక్కలనూ రుబ్బి ఆర్‌ఎన్‌ఏ తీస్తే, కండరంలో సహజంగా ఎక్కువగా ఉండే మైక్రోఆర్‌ఎన్‌ఏలన్నీ కణితిలో "తగ్గినట్టు" కనిపిస్తాయి. పాలలో నీళ్లు ఎక్కువై వెన్న తక్కువ పడితే గేదెను తప్పుపట్టలేము కదా.

మిర్-143, మిర్-145 జంట కథ సరిగ్గా ఇలాంటిది. మూత్రాశయ క్యాన్సర్‌లో బాగా తగ్గేవాటిలో మిర్-145 ఒకటని తొలి అధ్యయనాలలో అనేకం నమోదు చేశాయి. మిర్-145, మిర్-133ఏ రెండూ ఫాసిన్ అనే ప్రొటీన్‌ను నేరుగా అణచివేస్తాయని, వాటిని కణాలలోకి ఎక్కిస్తే పెరుగుదలా చొరబాటూ తగ్గుతాయని 2010లో జపాన్ పరిశోధకులు చూపించారు. ఆ ప్రయోగాన్ని తప్పుపట్టనక్కరలేదు. అయితే 2014లో ఎలుకల పేగుల మీద జరిగిన అధ్యయనంలో మిర్-143, 145 ఉపకళా కణాలలో కాక, కండర కణాలూ ఫైబ్రోబ్లాస్టుల వంటి అడుగు కణజాలంలోనే ఉంటాయని స్పష్టమైంది. మిర్-133ఏ కూడా కండరాలలో ప్రముఖంగా ఉండేదే. క్యాన్సర్ పుట్టిన కణంలో మొదటి నుంచీ లేని అణువు "తగ్గడం" వల్ల ఆ క్యాన్సర్ పాకిందని అనడం కుదరదు. లేని అణువును బయటి నుంచి పెద్ద మోతాదులో ఎక్కించినప్పుడు కణం మందగించడం వేరే సంగతి. అది మందుల పరిశోధనకు పనికి రావచ్చు, జబ్బు ఎలా ముదురుతుందో చెప్పడానికి మాత్రం చాలదు.

కాబట్టి పత్రంలోని పద్ధతుల విభాగం తెరిచి, నమూనాలో కణితి కణాల శాతం ఎంతో పాథాలజిస్టు చూసి నమోదు చేశారా, పోలికకు తీసుకున్నది యూరోథీలియం మాత్రమేనా లేక గోడ మొత్తమా, లేజర్‌తో కావలసిన కణాలనే కోసి తీశారా, లేదా ఇన్‌సిటు హైబ్రిడైజేషన్ అనే పద్ధతితో గాజు పలక మీదనే ఆ మైక్రోఆర్‌ఎన్‌ఏ ఏ కణాలలో ఉందో రంగు వేసి చూపించారా అని వెతకాలి. ఈ చివరిది ఉంటే పత్రం విలువ ఒక్కసారిగా పెరుగుతుంది. ఇవేవీ లేని పత్రంలో రోగుల సంఖ్య ఎంత పెద్దదైనా నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను.

కొలతల గురించి

మైక్రోఆర్‌ఎన్‌ఏను ఎక్కువగా, దాని నకళ్లను పదేపదే రెట్టింపు చేస్తూ లెక్కించే ఆర్‌టీ-క్యూపీసీఆర్ పద్ధతిలో కొలుస్తారు. ఇందులో వచ్చే సీటీ అంకె (గుర్తించగలిగే స్థాయికి చేరడానికి పట్టిన రెట్టింపుల సంఖ్య) ఒకటి తగ్గితే మొత్తం దాదాపు రెట్టింపు అయినట్టు. అందువల్ల పోలికకు వాడిన స్థిరమైన ఆర్‌ఎన్‌ఏ, తరచుగా యూ6 లేదా ఆర్‌ఎన్‌యూ48, నిజంగా అన్ని నమూనాలలో స్థిరంగా ఉందా అన్నది ముఖ్యం. దానిలో ఒక్క సీటీ తేడా ఉన్నా ఫలితం రెండింతలు తప్పుతుంది. అలాగే పేరు చివర 5పీ అని ఉందా, 3పీ అని ఉందా చూడాలి. ఒకే జడపిన్ను నుంచి వచ్చినా ఆ రెండింటి సీడ్‌లు వేరు, లక్ష్యాలు వేరు. మిర్‌బేస్ అనే డేటాబేసులో మానవ మైక్రోఆర్‌ఎన్‌ఏల పేర్లు 2,600కు పైగా ఉన్నాయి గానీ, కఠినమైన ప్రమాణాలతో వడగట్టే మిర్‌జీన్‌డీబీలో అందులో చిన్న భాగమే నిలుస్తుంది. ఎప్పుడూ వినని నాలుగంకెల పేరు కనిపిస్తే అది రెండో జాబితాలో ఉందో లేదో చూడటం మంచిది.

మూత్రంలో కొలిచిన పత్రాలకు అదనపు జాగ్రత్త కావాలి. ఈ జబ్బు తొలి లక్షణమే నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడటం. ఎర్ర రక్తకణాలలో మిర్-451ఏ, మిర్-16 పుష్కలంగా ఉంటాయి, తెల్ల రక్తకణాలలో మిర్-223 ఉంటుంది. రోగుల మూత్రాన్ని పూర్తి ఆరోగ్యవంతుల మూత్రంతో పోలిస్తే బయటపడే తేడా క్యాన్సర్‌ది కాక ఆ రక్తానిదే కావచ్చు. పోలిక గుంపులో రాళ్లు, ఇన్ఫెక్షన్ల వల్ల రక్తం పడుతున్నవారు ఉన్నప్పుడే ఆ పరీక్షకు అర్థం ఉంటుంది.

ఇంకో చిక్కు ఏమిటంటే, మూత్రంలో పెరిగినది కణంలోనూ పెరిగిందని అనుకోకూడదు. 2014లో డెన్మార్క్ పరిశోధకులు, దూరంగా పాకే గుణం సంతరించుకున్న మూత్రాశయ క్యాన్సర్ కణాలు మిర్-23బిని ఎక్సోజోములు అనే సూక్ష్మ సంచుల ద్వారా బయటికి పారేస్తాయని, ఆ పారవేతకు అవసరమైన ర్యాబ్27 ప్రొటీన్లను తగ్గిస్తే లోపల ఆ అణువు పెరుగుతుందని చూపించారు. వ్యాప్తికి అడ్డువచ్చే అణువును కణం వదిలించుకుంటున్నప్పుడు, బయట అది ఎక్కువగా కనిపించడమే లోపల తక్కువగా ఉందనడానికి సూచన అవుతుంది.

లక్ష్యాన్నీ ప్రయోగాన్నీ తూచడం

టార్గెట్‌స్కాన్ వంటి సాఫ్ట్‌వేరు చూపించిన లక్ష్యం ఒక ఊహ మాత్రమే. సీడ్ జత కుదిరే భాగాన్ని లూసిఫెరేజ్ అనే కాంతినిచ్చే ప్రొటీన్ జన్యువుకు తగిలించి కాంతి తగ్గడం చూపించాలి; ఆ భాగంలో రెండు మూడు అక్షరాలు మార్చగానే కాంతి తిరిగి రావాలి. మైక్రోఆర్‌ఎన్‌ఏ ఎక్కించిన కణాలలోనే, దాని పట్టుకు చిక్కని రూపంలో ఆ లక్ష్య ప్రొటీన్‌ను తిరిగి ఇచ్చినప్పుడు చొరబాటు గుణం వెనక్కి రావాలి. వీటన్నిటికన్నా నేను ఎక్కువ విలువ ఇచ్చేది, కణంలో సహజంగా ఉన్న మైక్రోఆర్‌ఎన్‌ఏను తీసివేసి చూసిన ప్రయోగానికి. ఎక్కించడం సులువు, అయితే ఎక్కించే మోతాదు కణంలో సహజంగా ఉండే స్థాయికి ఎన్నో రెట్లు ఎక్కువ కావచ్చు, అప్పుడు ఆర్గొనాట్ ప్రొటీన్లన్నీ దానితోనే నిండి ఇతర మైక్రోఆర్‌ఎన్‌ఏల పని కూడా చెడుతుంది.

చొరబాటు పరీక్షలను చూసేటప్పుడు గీత గీసిన కణాల పొర ఎంత త్వరగా పూడిందో చూపే బొమ్మకు మోసపోకూడదు. కణాలు కదిలి పూడ్చాయో, విభజన చెంది పూడ్చాయో ఆ బొమ్మ చెప్పదు. విభజనను ఆపడానికి మైటోమైసిన్-సి వాడారా అని చూడాలి; మూత్రాశయంలోకి ఎక్కించే చికిత్సలోనూ ఇదే మందును వాడతారు. మ్యాట్రిజెల్ అనే, కణజాలపు అడుగు పొరను పోలిన జిగురు పూసిన పొరను దాటి వెళ్లిన కణాలను లెక్కపెట్టే పరీక్ష ఇంకాస్త మేలు, అయితే ఆ మైక్రోఆర్‌ఎన్‌ఏ కణాలను చంపేస్తున్నట్లయితే దాటినవి తగ్గడంలో వింత లేదు. ఎలుకల విషయానికి వస్తే, చర్మం కింద పెరిగిన కణితి వ్యాప్తికి ఆధారం కాదు. తోక సిరలోకి కణాలను ఎక్కిస్తే అవి నేరుగా ఊపిరితిత్తులకు చేరతాయి, అంటే గోడను ఛేదించే ఘట్టమే తప్పిపోతుంది. మూత్రాశయ గోడలోనే కణాలను నాటి, అవి వేరే చోటికి చేరాయా అని చూసిన ప్రయోగాలు కష్టం కాబట్టి తక్కువ.

వాడిన కణాలు అసలు మూత్రాశయానివేనా అన్న అనుమానం అతిగా అనిపించవచ్చు కానీ ఈ రంగంలో అది న్యాయమైనదే. ఏళ్ల తరబడి మూత్రాశయ క్యాన్సర్ కణాలుగా వాడిన కేయూ7, నిజానికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి వచ్చిన హీలా కణాలేనని 2013లో తేలింది. రక్తనాళాల కణాలుగా చలామణి అయిన ఈసీవీ304 నిజానికి టీ24 అనే మూత్రాశయ క్యాన్సర్ కణాలు. కణాలను ఎస్‌టీఆర్ అనే డీఎన్‌ఏ గుర్తింపు పరీక్షతో నిర్ధారించామన్న వాక్యం పత్రంలో లేకపోతే అది లోపంగానే లెక్క. ప్రయోగంలో వాడినట్టు చెప్పిన ఆర్‌ఎన్‌ఏ వరుసను తీసుకుని మిర్‌బేస్‌లోని వరుసతో సరిపోల్చడం మరో చిన్న పని, రెండు నిమిషాలు పడుతుంది. ఆస్ట్రేలియా పరిశోధకురాలు జెన్నిఫర్ బర్న్, సహచరులతో కలిసి, ఇలాంటి వరుసలు తప్పుగా ఉన్న క్యాన్సర్ పత్రాలను పెద్ద సంఖ్యలో బయటపెట్టారు. వాటిలో డబ్బుకు తయారు చేసి అమ్మినవి కూడా ఉన్నాయన్న అనుమానం బలంగా ఉంది.

రోగికి వర్తించే సంగతి

ఒక మైక్రోఆర్‌ఎన్‌ఏ తక్కువ ఉన్నవారు త్వరగా చనిపోయారని చూపే రేఖాచిత్రం దగ్గర, కణితి దశనూ గ్రేడునూ లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా ఆ తేడా నిలిచిందా అని చూడాలి. నిలవకపోతే ఆ అణువు పాథాలజిస్టు సూక్ష్మదర్శినితో చెప్పిన దానినే ఎక్కువ ఖర్చుతో మళ్లీ చెబుతోందన్నమాట. చాలామంది తమ ఫలితాన్ని టీసీజీఏ (ది క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ అనే అమెరికా సంకలనం) సమాచారంతో నిర్ధారించామని రాస్తారు. 2017లో ప్రచురించిన ఆ సంకలనంలోని 412 కణితులూ కండరంలోకి దిగినవే. కాబట్టి పైపొరలోని కణితి ఏది కండరంలోకి దిగుతుందో చెప్పే ప్రశ్నకు అక్కడ జవాబు దొరకదు.

చికిత్స గురించిన ఆశలను ఎంఆర్‌ఎక్స్34 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏ మందు అనుభవం వెలుగులో చదవాలి. మిర్-34ఏ నకలును లిపిడ్ బుడగలలో పెట్టి రక్తంలోకి ఎక్కించే ఆ ప్రయోగం 2013లో మొదలైంది. రోగులలో తీవ్రమైన రోగనిరోధక ప్రతిచర్యలూ మరణాలూ సంభవించడంతో 2016లో దానిని నిలిపివేశారు. మూత్రాశయానికి ఒక సౌలభ్యం ఉంది: మందును గొట్టం ద్వారా నేరుగా లోపలికి పంపవచ్చు. క్షయ టీకాగా తెలిసిన బీసీజీని ఇలా ఇవ్వవచ్చని 1976లోనే ఆల్వరో మొరాలెస్ బృందం చూపించింది. ఇంటర్‌ఫెరాన్ జన్యువును వైరస్ ద్వారా మూత్రాశయంలోకి చేర్చే నాడోఫరాజీన్ చికిత్సకు 2022 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. మైక్రోఆర్‌ఎన్‌ఏ మందులకు కూడా ఈ దారి తెరుచుకోవచ్చని నేను అనుకుంటున్నాను, అయితే లోపలి పొరను కాపాడే జిగురు పూతను దాటడం, మూత్ర విసర్జనతో మందు బయటికి పోకముందే కణాలలోకి చేరడం అనే రెండు అడ్డంకులను పత్రం ఎలా దాటిందో చూడకుండా నమ్మలేము.

జబ్బు నిర్ధారణకూ, చికిత్స తర్వాత జబ్బు తిరగబెట్టిందో లేదో చూడటానికీ ఇప్పటికీ సిస్టోస్కోపీయే (సన్నని కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూసే పరీక్షే) ఆధారం. అవసరమైన చోట మూత్రంలోని కణాల పరీక్ష దానికి తోడు. ఏదైనా ల్యాబు మూత్రంలోని మైక్రోఆర్‌ఎన్‌ఏ పరీక్షతో సిస్టోస్కోపీ అవసరం లేదని చెబితే, పోలిక గుంపులో మూత్రంలో రక్తం పడే ఇతర జబ్బులవారు ఉన్నారా, వేరే ఆసుపత్రి రోగుల మీద కూడా పరీక్షించారా, తక్కువ గ్రేడు కణితులను అది ఎంత శాతం పట్టుకుంది అని వైద్యుడి ద్వారా అడిగించాలి. సిగరెట్, బీడీ, చుట్ట తాగే అలవాటు ఉన్నవారికి ఒక్కసారైనా నొప్పి లేకుండా మూత్రం ఎర్రగా వచ్చి, మరుసటి రోజుకు దానంతట అదే తేటపడినా సరే, ఏ పత్రం చదవడానికీ ఆగకుండా యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాలి.